సొంత లారీ ఉంచుకోవాలా, అమ్మేయాలా?

ప్రశ్న: మాది గాజువాక. నాకు 47 ఏళ్లు. పద్నాలుగేళ్లు వేరేవాళ్ల బండ్ల మీద డ్రైవరుగా చేసి, 2018 నవంబరులో ఫైనాన్సు మీద కొత్త పది టైర్ల లారీ కొన్నాను. నేనే నడుపుకుంటాను. ఎక్కువగా ఇక్కడి నుంచి హైదరాబాద్‌కు స్టీలు, అటు నుంచి ఏ సరుకు దొరికితే ఆ సరుకు. మొదటి ఫైనాన్సు తీరిపోయింది. తర్వాత ఇంజిను పని, పాప కాలేజీ ఫీజు ఒకేసారి వచ్చి పడటంతో బండి మీద మళ్లీ 5 లక్షలు తీసుకున్నాను. నెలకు 17,500 కిస్తీ, ఇంకా 14 కిస్తీలున్నాయి. ట్రిప్పుకు పదకొండు, పన్నెండు వేలు మిగులుతుంది. నెలకు ఐదు ట్రిప్పులు. అయినా టైర్లు వేయాల్సి వస్తే అప్పే. బండి అమ్మితే 11 లక్షలు వస్తుందంటున్నారు. మా ఆవిడ అమ్మేసి ఉద్యోగం చూసుకోమంటోంది. తెలిసిన ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో నెలకు 28,000 జీతం, బత్తా వేరే ఇస్తామన్నారు. మా బావమరిది మాత్రం జీఎస్టీ తగ్గింది, ఇది ఇచ్చేసి పదహారు టైర్ల బండి తీసుకో బావా అంటున్నాడు. ఓనరునని అనిపించుకుని మళ్లీ ఒకరి దగ్గర డ్రైవరుగా చేరాలంటే మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. పదహారు టైర్ల బండి జోలికి వెళ్లకండి. ఉన్న బండిని కూడా ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో కొనసాగించకండి. మూడు నెలలు గడువు పెట్టుకుని, నెలంతా నమ్మకంగా పని దొరికే చోటు కోసం గట్టిగా తిరగండి. దొరికితే ఉంచుకోండి. దొరక్కపోతే అమ్మేయండి. మీ లెక్కలు చూశాక అమ్మకం వైపే మొగ్గుతున్నాను, ఆ మాట దాచను.

ఉత్తరంతో పాటు మీరు పంపిన ట్రిప్పు కాగితం చాలా శుభ్రంగా ఉంది. పోను 33,000, రాను 24,000, మొత్తం 57,000. అందులో డీజిలు 31,000. టోల్‌గేట్లకు 6,500. కమీషను, కాటా, లోడింగు, దారి ఖర్చులు 4,500. క్లీనరుకూ భోజనాలకూ కలిపి 3,500. చేతికి మిగిలింది 11,500. డీజిలు లెక్క మరోసారి వేసి చూశాను. రానూపోనూ 1,280 కిలోమీటర్లకు 320 లీటర్లు, అంటే లీటరుకు నాలుగు. లోడుతో నడిచే పది టైర్ల బండి ఆ మాత్రం ఇస్తోందంటే దాన్ని మీరు కంటికి రెప్పలా చూసుకుంటున్నట్టే. కాబట్టి బండి సరిగ్గా నడపలేకపోతున్నానేమో అన్న అనుమానం ఏమైనా ఉంటే తీసేయండి. లోపం నడపడంలో లేదు.

మీ కాగితం 11,500 దగ్గర ఆగిపోయింది. అసలు లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

నెలకు ఐదు ట్రిప్పులంటే 57,500. కిస్తీ 17,500 తీసేస్తే 40,000. ఇన్సూరెన్సు, నేషనల్ పర్మిట్, మూడు నెలలకోసారి కట్టే టాక్సు, ఫిట్‌నెస్ ఖర్చు అన్నీ కలిపి ఏడాదికి 1,14,000 అవుతోందని వెనక పేజీలో రాశారు. నమ్మదగ్గ అంకే. 2022 జూన్‌లో నిర్ణయించిన రేటు ప్రకారం 20 నుంచి 40 టన్నుల మధ్య బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే బీమాయే 43,950. నేషనల్ పర్మిట్‌కు ఏడాదికి 16,500. ఈ మొత్తాన్ని పన్నెండు నెలలకు పంచితే 9,500. ఇప్పుడు చేతిలో ఉన్నది 30,500.

ఇక టైర్లు. మీ రేటు ప్రకారం పది టైర్ల సెట్టు 2,10,000. రీట్రేడింగు చేయించుకుంటూ, అంటే అరిగిన టైరుకు కొత్త రబ్బరు వేయించుకుంటూ ఎంత పొదుపుగా వాడినా కిలోమీటరుకు రెండు రూపాయల చొప్పున అరుగుతాయి. ఐదు ట్రిప్పులకు 6,400 కిలోమీటర్లు కదా, నెలకు సుమారు 13,000. ఆయిలు, గ్రీజు, బ్రేకు లైనింగులు, క్లచ్చి, కమాన్ కట్టలు, ఎలక్ట్రికల్ పనులు, అప్పుడప్పుడూ తాటిపత్రి, తాళ్లు... ఎనిమిదేళ్లకు దగ్గరపడిన బండికి నెలకు 8,000 పక్కన పెట్టకపోతే మోసపోతాం. ఇవి రెండూ తీసేస్తే మిగిలింది 9,500.

మీరు ఓనరు మాత్రమే కాదు, ఆ బండికి డ్రైవరు కూడా. ఆ డ్రైవరుకు జీతం ఎక్కడుంది? వేరే డ్రైవరును పెట్టుకుని ఉంటే నెల తిరిగేసరికి అతని చేతిలో డబ్బు పెట్టేవారు కాదా? మీ పనికి బయట 28,000 ఇస్తామంటున్నారు. మీ సొంత బండి మీకు 9,500 ఇస్తోంది. అంటే నెలనెలా 18,500 మీరే మీ ఒంటి కష్టంలోంచి బండికి ఎదురు చెల్లిస్తున్నారు. కిస్తీలన్నీ తీరిపోయాక వచ్చేది 27,000. అప్పటికీ కంపెనీ ఇస్తామన్న జీతం కన్నా వెయ్యి తక్కువే. బండి విలువ ఏటా పడిపోవడాన్ని ఇందులో నేనింకా లెక్కేయలేదు.

మరి ఇన్నాళ్లూ ఇల్లు ఎలా గడిచిందంటే, టైర్ల డబ్బుతో గడిచింది. ఆ 13,000, ఆ 8,000 ఏ నెలకా నెల కనిపించని ఖర్చులు. కనిపించవు కాబట్టి ఆ డబ్బు మిగులులా అనిపిస్తుంది, కిరాణా కొట్టుకూ కాలేజీకీ వెళ్లిపోతుంది. విత్తనాల వడ్లు దంచుకు తిన్నట్టు. తొలకరి పడ్డప్పుడు అప్పు చేయక తప్పదు. బండి మీద మళ్లీ తీసుకున్న ఆ 5 లక్షల లోను కూడా ఇలా వచ్చిందే అని నా నమ్మకం. దానికి పాప ఫీజును తప్పు పట్టకండి.

ఈ మాట తేల్చుకోవడానికి ఒక పని చేయండి. ఈసారి లోడు ఎక్కించే ముందు, రోజూ చేసినట్టే రాడ్డుతో టైర్లు కొట్టి చూస్తారుగా, ఆ పూట కాస్త ఎక్కువసేపు కూర్చోండి. వెనక జత టైర్లలో లోపలి టైరు గాలి ఎంతుందో గేజి పెట్టి చూడండి. బయటి టైరు కణీమని మోగినా లోపలిది మెత్తగా ఉండటం తరచూ జరుగుతుంది. అప్పుడు బరువంతా ఒక్కదాని మీదే పడి రెండూ తొందరగా పోతాయి. పదింటికీ గాడి లోతు కొలిచి, ఏ టైరు ఎన్ని కిలోమీటర్లకు వేశారో పక్కన రాయండి. ఇంకెన్ని ట్రిప్పులు వస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ట్రిప్పులయ్యే నాటికి రెండు లక్షలు ఎక్కడి నుంచి తెస్తారు? ఈ ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకపోతే బండి మిమ్మల్ని పోషించడం లేదు, మీరే బండిని పోషిస్తున్నారు.

ఆదాయపు పన్ను చట్టంలో పది బండ్లు మించని ఓనర్లకు ఒక సులువు లెక్క ఉంది. పుస్తకాలు రాయకపోయినా, 12 టన్నులు దాటిన బండికి మొత్తం బరువులో టన్నుకు నెలకు 1,000 చొప్పున లాభం చూపి రిటర్ను వేసుకోవచ్చు. మీ 28 టన్నుల బండికి అది నెలకు 28,000. అంటే ఇలాంటి బండి ఓనరుకు కనీసం ఇంత మిగులుతుందని చట్టమే అనుకుంటోంది. మీకు అందులో మూడో వంతు మిగులుతోంది. అన్నట్టు, మీరు పాన్ ఇచ్చి, పది బండ్ల లోపే ఉన్నాయని డిక్లరేషన్ రాసిస్తే కిరాయిలో టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను కోయనక్కర్లేదు. మీ కాగితంలో ఒకచోట కోసినట్టుంది, అడగండి.

ఇదంతా మీ ఒక్కరి కథ కాదు కాబట్టి ఎందుకిలా అయిందో కూడా చెబుతాను. మీరు బండి కొన్న 2018లోనే, జూలైలో, కేంద్రం యాక్సిల్ (ఇరుసు) మీద మోయగల బరువుల పరిమితిని దాదాపు 20 నుంచి 25 శాతం పెంచింది. రోడ్డు మీద ఒక్క బండి కూడా పెరగకుండానే మోసే సామర్థ్యం పెరిగిపోయింది. సరుకు మాత్రం అంతే ఉంది. ఆ తర్వాత కంపెనీలన్నీ పద్నాలుగు, పదహారు టైర్ల బండ్లకు మళ్లాయి. పెద్ద బండి ఒకే డ్రైవరుతో మీ బండికి దాదాపు రెట్టింపు సరుకు మోస్తుంది, కానీ డీజిలు రెట్టింపు తాగదు. అందుకే టన్నుకు వాళ్లు ఒప్పుకునే రేటు మీకు గిట్టదు. హైదరాబాద్ లాంటి దూరపు లైన్లో పది టైర్ల బండి వాళ్లతో పోటీ పడటం కష్టం. డీజిలు చూస్తే మన రాష్ట్రంలో 22.25 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు. స్టీల్ ప్లాంటులో 2024లో ఉత్పత్తి తగ్గినప్పుడు స్టాక్‌యార్డు బయట ఎన్ని బండ్లు ఖాళీగా నిలబడ్డాయో మీరు చూసే ఉంటారు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ప్లాంటు నిలదొక్కుకోవాలని విశాఖలో కోరుకోనివారు ఉండరు. ఉత్పత్తి పెరిగితే లోడ్లు పెరుగుతాయి, కాదనను. కానీ ఆ లోడ్లను ముందు ఎత్తుకెళ్లేది పెద్ద బండ్లే. రాయపూర్ నుంచి సబ్బవరం దాకా వేస్తున్న 464 కిలోమీటర్ల కొత్త రోడ్డు మీద ఆశ పెట్టుకున్నవాళ్లు కూడా మీ చుట్టుపక్కల చాలామంది ఉండే ఉంటారు. దూరం తగ్గితే కిరాయి కూడా ఆ మేరకు తగ్గుతుంది. దాని కోసం కిస్తీలు కడుతూ ఎదురుచూడకండి.

మరి మీరే పెద్ద బండి కొంటే? మీ బావమరిది మీ మంచి కోరే చెప్పి ఉంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి లారీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిన మాట నిజమే. టైర్ల మీద కూడా తగ్గింది. అయితే ఆ తగ్గింపు మీ ఒక్కరికే కాదు, అందరికీ. సరుకు పెరగకుండా మోసే సామర్థ్యం పెరిగితే కిరాయిలు ఎటు పోతాయో 2018లోనే చూశారు. కొత్త బండ్లు అందరూ కొన్నా అదే జరుగుతుంది. పైగా కొత్త బండి చవకైతే పాత బండికి ఇచ్చే ధర కూడా దిగుతుంది, అంటే మీ డౌన్ పేమెంటే తగ్గుతుంది. బాడీతో కలిపి పదహారు టైర్ల బండి 45 లక్షల దగ్గర పడిందనుకుందాం. మీ దగ్గరున్నదంతా పోసినా 36 లక్షల అప్పు. ఐదేళ్లకు నెలకు 75 వేల నుంచి 80 వేల కిస్తీ. టైర్లు పదహారు. మీకు 52 ఏళ్లు వచ్చేదాకా ఒక్క నెల కూడా ఒంట్లో బాగోలేదని పడుకోవడానికి వీల్లేదు. ఒకే బండి, ఒకే డ్రైవరు, ఆ డ్రైవరే ఓనరు. నడుము పట్టేసినా, ఎక్కడైనా యాక్సిడెంటు కేసులో బండి స్టేషన్లో నిలిచిపోయినా కిస్తీ ఆగదు. చేతిలో ఏడాది ఒప్పందం ఉండి, ఇంకో డ్రైవరును పెట్టుకోగలిగినవాళ్లు కొనొచ్చు. మీ పరిస్థితిలో నా సొంత తమ్ముడున్నా వద్దనే చెబుతాను.

ఉంచుకోవడానికి దారి ఎక్కడుందంటే, పెద్ద బండి వెళ్లలేని చోట, వెళ్లినా నిండని చోట. శ్రీకాకుళం, పార్వతీపురం, పాలకొండ, సాలూరు లాంటి ఊళ్లలో ఇనుము, సిమెంటు డీలర్లకు ఒకేసారి ముప్పై ముప్పై అయిదు టన్నులు దించుకునే గోడౌనూ ఉండదు, అంత పెట్టుబడీ ఉండదు. పదిహేను, పద్దెనిమిది టన్నులు వాళ్లకు సరిపోతుంది. సందు తిరగాలన్నా, పాడేరు, అరకు ఘాట్ ఎక్కాలన్నా మీ బండికే వీలు. పరవాడ, అచ్యుతాపురంలో కంపెనీలకు పోర్టు నుంచి, గోడౌన్ల నుంచి రోజువారీ సరుకు తోలే పనులు ఉంటాయి. వీటిలో కిరాయి చూడటానికి చిన్నది. తిరుగు లోడు ఉండదు. అందుకే చాలామంది తేలిగ్గా తీసేస్తారు. మీరు మాత్రం ట్రిప్పు లెక్క కాదు, నెల లెక్క చూడండి. కిలోమీటర్లు సగమైతే టైర్ల ఖర్చు సగమవుతుంది, టోల్ తగ్గుతుంది. రాత్రి ఇంటి దగ్గర పడుకుంటారు, దానికి ధర కట్టలేం. నెలకు అన్ని ఖర్చులూ, టైర్ల డబ్బూ పోగా మీ చేతికి 28,000 వచ్చేలా ఎవరైనా రాతపూర్వకంగా ఒప్పుకుంటే బండి ఉంచుకోండి. ఇందులో కిస్తీ కూడా కలిపే చూడండి. 25,000 దగ్గర ఆగినా, 14 నెలల తర్వాత కిస్తీ తీరిపోతుంది కాబట్టి నేనైతే సరే అంటాను. ఇరవై దాటకపోతే వద్దు.

కంపెనీలతో నేరుగా మాట్లాడాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషను, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు చేయించుకోండి. ఆధార్, పాన్ ఉంటే చాలు, ఉచితం. దానివల్ల ఇంకో లాభం ఉంది. రిజిస్టరైన చిన్న సంస్థకు కంపెనీ రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల లోపు, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. కట్టకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది తన ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోలేదు. కాబట్టి పద్దులు సరిగ్గా రాసే కంపెనీ మీ బాకీని నానబెట్టడానికి వెనకాడుతుంది.

బాకీ అంటే గుర్తొచ్చింది. మీ కాగితంలో రెండు ట్రిప్పుల బ్యాలెన్సు ఇంకా రాలేదని చిన్నగా రాశారు. లారీ ఆఫీసుల్లో చాలా ఏళ్లు పద్దులు రాసినవాడిని, అక్కడ ఏం జరుగుతుందో నాకు తెలుసు. డ్రైవరు సంతకమైన రశీదు తెచ్చి బల్ల మీద పెడతాడు. గుమస్తా దాన్ని తిరగేసి వెనక వైపు చూస్తాడు. సరుకు దించుకున్న చోట ఎవరో పెన్సిలుతో ‘షార్టేజీ’ అని గీసి ఉంటారు. ఎంత, ఎందుకు అన్నది ఉండదు. అంతే, వెయ్యో రెండు వేలో కట్. డ్రైవరు ఇంకో లోడు కావాలి కాబట్టి నోరెత్తడు. ఇకనుంచి లోడు ఎక్కినప్పుడు కాటా చీటీ, దించినప్పుడు కాటా చీటీ, రశీదు ముందు వెనక, మూడూ అక్కడికక్కడే ఫోన్లో ఫోటో తీసి ఆఫీసుకు వాట్సాప్ చేయండి. రోజుకన్నా ఎక్కువ నిలబెడితే హాల్టింగు ఎంతో లోడు ఒప్పుకునేటప్పుడే మెసేజీలో రాయించుకోండి. పాత బ్యాలెన్సు తీర్చకుండా మళ్లీ మళ్లీ లోడిచ్చే ఆఫీసు మీకు పని ఇవ్వడం లేదు, మీ దగ్గర వడ్డీ లేని అప్పు తీసుకుంటోంది. ఈ మూడు నెలల్లో అలాంటివాళ్లను వదిలేయండి.

గిట్టుబాటు కోసం ఓవర్‌లోడు వేయమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. 2019 సవరణ తర్వాత జరిమానా 20,000, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000. ఒక్కసారి దొరికితే రెండు ట్రిప్పుల మిగులు పోతుంది. ఏదైనా జరిగితే పోయేవి ప్రాణాలు.

ఇక మనసొప్పడం లేదన్నారు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగాను. పద్నాలుగేళ్లు ఒకరి బండి నడిపి, ముందు అద్దం మీద సొంత పేరు రాయించుకున్నవాడికి అది ఎంత పెద్ద విషయమో నాకు తెలుసు. ఆ పేరు కోసం మీ ఆవిడ ఎన్ని పండగలు ఒక్కరే చేసుకున్నారో కూడా ఊహించగలను. కానీ ఓనరు అంటే ఆర్సీలో పేరున్నవాడా, నెలాఖరుకు ఎవరినీ చేయి చాచి అడగనివాడా? మీరు కొన్న బండి అప్పు మొత్తం తీర్చారు. అందులో ఓ రెండేళ్లు కరోనా కాలం. చాలామంది బండ్లను ఫైనాన్సువాళ్లు లాక్కుపోయిన రోజుల్లో మీది నిలబడింది. ఇప్పుడు అమ్మితే చేతిలో డబ్బుతో, నెత్తిన అప్పు లేకుండా దిగుతారు. ఇంకో మూడేళ్లు ఇలాగే లాగితే బండీ పోతుంది, పేరూ పోతుంది, నడుమూ పోతుంది. మీ ఆవిడ ఆ మాట అన్నది మిమ్మల్ని తక్కువ చేయడానికి కాదు. ఇంటి లెక్క చూస్తున్న మనిషి కాబట్టి ముందుగా తెలిసింది. ఆ ట్రిప్పు కాగితాలు ఆవిడకే ఇవ్వండి, ఈ మూడు నెలలూ టైర్ల డబ్బు వేరే ఖాతాలో ఆవిడే వేస్తారు. మీ చేతిలో ఉంటే దారిలో ఖర్చయిపోతుంది.

అమ్మాలని తేలితే తొందరపడి పారేసుకోకండి. నవంబరుతో బండికి ఎనిమిదేళ్లు నిండుతాయి. ఇప్పటిదాకా రెండేళ్లకోసారి చేయించిన ఫిట్‌నెస్ అప్పటి నుంచి ఏటా చేయించాలి. కొనేవాడికి ఇది తెలుసు, బేరంలో తగ్గిస్తాడు. కాబట్టి వానలు మొదలై లోడ్లు తగ్గకముందే, బండి నడుస్తూ ఉండగానే చూపించండి. ఆటోనగర్లో నిలబెట్టిన బండికీ లోడు మీద ఉన్న బండికీ ధరలో తేడా ఉంటుంది. 11 లక్షలు వస్తే మిగిలిన అప్పు సుమారు 2 లక్షల 20 వేలు కట్టేసి 8 లక్షల 80 వేలు మిగులుతుంది. బ్యాంకులో వేస్తే ఆరున్నర శాతం చొప్పున నెలకు నాలుగున్నర వేల పైచిలుకు వడ్డీ. జీతంతో కలిపితే 32,000 దాటుతుంది, బత్తా కాకుండా. మీ 9,500 పక్కన దీన్ని పెట్టి చూడండి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. ‘రన్నింగ్ ఫైనాన్సు మీద ఇచ్చేయండి, మిగతా కిస్తీలు నేను కడతాను, నోటరీ అగ్రిమెంటు రాసుకుందాం’ అని వస్తారు. రెండు రూపాయలు ఎక్కువ కూడా ఇస్తానంటారు. ఇవ్వకండి. ఆర్సీలో మీ పేరు ఉన్నంతకాలం బండి మీదే. రిజిస్టరులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, యాక్సిడెంటు పరిహారానికి వాళ్లే బాధ్యులు అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. కొన్నవాడు కిస్తీ ఎగ్గొట్టినా, ఇన్సూరెన్సు కట్టకుండా ఎవరినైనా గుద్దినా నోటీసు గాజువాకలో మీ గుమ్మానికే వస్తుంది. ముందు అప్పు తీర్చండి. కొనేవాడు ఇచ్చే డబ్బులోంచి నేరుగా ఫైనాన్సు కంపెనీకి కట్టించినా పర్వాలేదు. బండి మీద అప్పు తీరిందని చెప్పే ఎన్‌ఓసీ, ఫారం 35 అక్కడి నుంచి తీసుకోండి. పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు చేసి, ట్రాన్స్‌ఫరు ఆన్‌లైన్లో కనిపించేదాకా మీరే వెంటపడండి. ఫాస్టాగ్ మూసేయించండి.

ఆ డబ్బు వచ్చాక మీ బావమరిదితో సహా ఎవరి బండిలోనూ పెట్టుబడి పెట్టకండి. పాప చదువు అయ్యేదాకా దాన్ని కదిలించొద్దు.

ఉద్యోగం సంగతి. 28,000 అని నోటితో చెప్పారు, కాగితం మీద ఇవ్వలేదు. జీతం బండి నడిచిన రోజులకా, నెలంతటికా? లోడు లేక యార్డులో కూర్చున్న రోజుకు బత్తా ఉంటుందా? పీఎఫ్ కడతారా? షార్టేజీ, టైరు పగలడం, జరిమానాలు డ్రైవరు జీతంలో కోస్తారా? యాక్సిడెంటయితే లాయరు ఖర్చు ఎవరిది? సొంత బండికి మీరు కట్టే ఇన్సూరెన్సులో ఓనర్ డ్రైవరుకు 15 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. బండి పోతే అదీ పోతుంది, కాబట్టి కంపెనీ డ్రైవర్లకు విడిగా ఏం చేయిస్తోందో అడగండి. ఎలాగూ ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా బ్యాంకులో చేయించుకోండి, 2 లక్షలు వస్తుంది. ఆ కంపెనీలో ఇప్పుడు పనిచేస్తున్న ఇద్దరు డ్రైవర్లను టీ దగ్గర కూర్చోబెట్టి, జీతం ఏ తారీకున పడుతోందో కనుక్కోండి. ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు ఉన్న నియామక పత్రం మీ చేతికి వచ్చాకే బండిని అమ్మకానికి పెట్టండి, అంతకు ఒక్కరోజు ముందు కూడా వద్దు.